బూడిద కలిపిన కాంక్రీటు పిల్లర్లు: 32 రోజులకు హామర్ 24 చూపించింది, కొట్టేయాలా?

లెక్కల మాస్టారు | మే 15, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు ఇల్లు కట్టుకుంటున్నాను. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బంతా ఇందులోనే ఉంది. అందుకే ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ఏప్రిల్ 12న మొదటి అంతస్తు పిల్లర్లు పోశారు. మొత్తం 12. సైజు 230 × 380 మిల్లీమీటర్లు, గ్రేడు ఎం-25, రెడీమిక్స్ లారీలో వచ్చింది. ఒప్పందం రాసుకునేటప్పుడే కాంట్రాక్టరు "ఇది తక్కువ కార్బన్ కాంక్రీటు సార్, థర్మల్ స్టేషన్ బూడిద కలుస్తుంది, కొత్త పద్ధతి" అన్నాడు. కొత్తది కాదనడం ఎందుకని తల ఊపాను. డెలివరీ చీటీలో ఘనపు మీటరుకు సిమెంటు 260 కిలోలు, ఫ్లై యాష్ 110 కిలోలు అని ఉంది. అంటే పొడిలో దాదాపు 30 శాతం బూడిదే.

నిన్న పక్క స్థలం ఆయన బంధువుల అబ్బాయి, ఈ మధ్యే ఇంజినీరింగు పూర్తి చేసినవాడు, కాంక్రీటు బలం అంచనా వేసే రీబౌండ్ హామర్ ఒకటి తెచ్చి పిల్లర్లన్నీ కొట్టి చూశాడు. 11 పిల్లర్లలో 22 నుంచి 26 మధ్య వచ్చింది. సగటు 24. హామర్ మీద అతికించిన పట్టిక ప్రకారం అది చదరపు మిల్లీమీటరుకు సుమారు 17 న్యూటన్ల బలం. రావలసింది 25. ఏడో నంబరు పిల్లరు ఒక్కటే 34 చూపించింది, అదొక్కటే కాస్త ధైర్యం. మిగతావి కొట్టేసి మళ్లీ పోయించుకోమని పక్కింటాయన సలహా. కాంట్రాక్టరేమో "బూడిద కాంక్రీటు నిదానం సార్, ఆగండి" అంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

సుత్తిమాట | మే 15, ఉదయం 8:15

మాస్టారూ, నా పేరు చూసి భయపడకండి. 19 ఏళ్లుగా ఈ ఊళ్లోనే టెస్టింగ్ ల్యాబులో హామర్ పట్టుకుని తిరుగుతున్నాను, అందుకే ఆ పేరు. ముందు గోడ కూలగొట్టే సుత్తిని కింద పెట్టించండి. తర్వాత ఈ ప్రశ్నలకు జవాబు చెప్పండి.

కొట్టే ముందు పిల్లరు ముఖాన్ని కార్బోరండం రాయితో రుద్దారా? ఒక్కో చోట ఎన్ని దెబ్బలు కొట్టారు? హామరును ఉక్కు దిమ్మ మీద ఎప్పుడు సరిచూశారు? పోసిన రోజు అదే కాంక్రీటుతో పరీక్షకు క్యూబులు తీశారా?

ఆ పరికరం లోపల ఉన్నది ఒక స్ప్రింగు, ఒక బరువు. బరువు వెళ్లి కాంక్రీటును తాకి వెనక్కి ఎగురుతుంది. ఎంత ఎగిరిందో అదే అంకె. అంటే అది కొలిచేది పై పొర గట్టిదనాన్ని, మహా అయితే 30 మిల్లీమీటర్ల లోతు వరకు. బలం అనేది మనం ఆ అంకె నుంచి ఊహించుకునేది. సరైన పట్టిక చేతిలో ఉన్నా ఊహ 25 శాతం అటూ ఇటూ ఉండొచ్చని 1992లో వచ్చిన భారతీయ ప్రమాణం ఐఎస్ 13311 రెండో భాగమే ఒప్పుకుంది. మీ హామర్ మీద అతికించిన పట్టికేమో ఆ కంపెనీ తన ల్యాబులో, తన సిమెంటుతో, తన కంకరతో గీసుకున్నది. అందులో మీ బూడిద లేదు, మన గ్రానైటు కంకర లేదు, మన ఎండ అసలే లేదు.

లెక్కల మాస్టారు | మే 15, ఉదయం 9:02

రాయితో రుద్దలేదండి. ఒక్కో పిల్లరుకు మూడు దెబ్బలు. ఉక్కు దిమ్మ అంటే అబ్బాయికి తెలియదన్నాడు. క్యూబులు మా సైటులో తీయలేదు. ప్లాంటు వాళ్ల కాగితంలో 28 రోజులకు 29 వచ్చిందని ఉంది.

సుత్తిమాట | మే 15, ఉదయం 9:20

ఒక చోట కనీసం ఆరు దెబ్బలు కొట్టి, తేడాగా ఉన్నవి తీసేసి సగటు వేయాలి. అంచుకు 20 మిల్లీమీటర్ల కంటే దగ్గరగా కొట్టకూడదు. ఉక్కు దిమ్మ మీద 80కి రెండు అటో ఇటో రాని హామరును బడికి పంపాలి, సైటుకు కాదు.

ప్లాంటు కాగితం అబద్ధమని అనను. కానీ ఆ క్యూబు 28 రోజులూ నీళ్ల తొట్టిలో హాయిగా పడుకుంది. మీ పిల్లరు ఏప్రిల్ ఎండలో నిలబడింది. రెండూ ఒకటే కాంక్రీటు, పెంపకం వేరు.

మంగళం మిత్రుడు | మే 15, ఉదయం 10:40

ఎంత చెప్పినా ఫ్యాక్టరీ చెత్త ఫ్యాక్టరీ చెత్తే. పొయ్యిలో కాలిపోయిన బూడిదకు బలం ఎక్కడి నుంచి వస్తుంది? మా తాతగారి ఇంట్లో సున్నం, ఇసుక, బెల్లం నీళ్లు, అంతే. 90 ఏళ్లైనా చెక్కు చెదరలేదు. ఇంటి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతారు గానీ పిల్లర్లలో బూడిద పోస్తారా ఎవరైనా?

బూడిదగుమ్మడి | మే 15, ఉదయం 11:25

పిలిచారా అండీ? నేను ఇక్కడే తిరుపతిలో ఫ్లై యాష్, స్లాగ్ కాంక్రీట్ల మీదే పరిశోధన చేస్తున్నాను. మీరు వెక్కిరించిన పేరే నా పేరు.

మీ తాతగారి సున్నం ఇంటికి, మాస్టారి బూడిద పిల్లరుకు దగ్గరి చుట్టరికం ఉంది. సిమెంటు నీటితో కలిసినప్పుడు బలమిచ్చే జిగురు పదార్థంతో పాటు కొంత సున్నం మిగిలిపోతుంది. మామూలు కాంక్రీటులో ఆ సున్నం ఊరికే పడి ఉంటుంది, బలానికి పైసా సాయం చేయదు. ఫ్లై యాష్‌లో గాజులాంటి సిలికా ఉంటుంది. అది ఆ మిగులు సున్నాన్ని పట్టుకుని మళ్లీ అదే జిగురును తయారు చేస్తుంది. పూర్వం సున్నంలో మెత్తటి ఇటుక పొడి, సుర్కీ, కలిపేవారు కదా, ఆ పనీ ఇదే. బూడిద తనంతట తాను గట్టిపడదు, నిజమే. తోడుగా సున్నం ఉండాలి, తడి ఉండాలి, సమయం ఉండాలి.

ఈ మూడోదే మాస్టారి సమస్య. ఆ ప్రతిచర్య నిదానం. 7 రోజుల నాడు బూడిద దాదాపు ప్రేక్షకురాలు. 28వ రోజుకు పని మొదలుపెట్టి ఉంటుంది. 56, 90 రోజులకు దాని వాటా కనిపిస్తుంది. 28 అనే అంకె మామూలు సిమెంటును చూసి పెట్టుకున్న గడువు. ఆ గడువుకు, ఆ సిమెంటుతో గీసిన పట్టికకు బూడిద కాంక్రీటును నిలబెడితే తక్కువే కనిపిస్తుంది.

అలాగని కాంట్రాక్టరు మాటే వేదమని నేను అనడం లేదు. "నిదానం" అనే మాట వెనక ఎన్ని తప్పులైనా దాక్కోవచ్చు.

మంగళం మిత్రుడు | మే 15, ఉదయం 11:50

పేరు విషయంలో నొచ్చుకోకమ్మా. కానీ కొత్త ప్రయోగాలు మన ఇళ్ల మీదేనా?

నీవా ఒడ్డు | మే 15, మధ్యాహ్నం 1:10

చిత్తూరు నుంచి. రోడ్లు, వంతెనల పనుల్లో ఇంజినీరుగా 33 ఏళ్లు చేసి రిటైరయ్యాను.

మంగళం మిత్రుడు గారూ, మీ ఇంటి ప్రహరీకి తెచ్చిన సిమెంటు బస్తా ఖాళీది దొరికితే చదవండి. పోర్ట్‌లాండ్ పొజొలానా అని ఉంటే అందులో ఫ్లై యాష్ ఐఎస్ 1489 ప్రకారం 15 నుంచి 35 శాతం ఉన్నట్టే. పోర్ట్‌లాండ్ స్లాగ్ అని ఉంటే ఇనుము తీయగా మిగిలిన స్లాగ్ ఇంకా ఎక్కువ. మీరు ఇప్పటికే బూడిద ఇంట్లోనే ఉన్నారేమో! శ్రీకాళహస్తి పక్కన ఉన్నవాళ్లం, విభూతి నుదుటికి మంచిదై పిల్లరుకు చెడ్డదెలా అవుతుంది?

ఈ తిప్పలన్నీ ఎందుకంటే, సిమెంటుకు అసలు సరుకైన క్లింకర్ చేయడానికి సున్నపురాయిని కాల్చాలి. ఎర్రగుంట్ల వైపు పొగగొట్టాలు చూసే ఉంటారు. బొగ్గు సంగతి పక్కన పెట్టినా, టన్ను క్లింకరుకు ఆ రాయిలోంచే అర టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. బట్టీని గాలిమరలతో నడిపినా ఇది తప్పదు. అందుకని క్లింకర్ తగ్గించి ముద్దనూరు థర్మల్ స్టేషన్ బూడిదో, రాచగున్నేరి కొలిమి స్లాగో వేస్తారు. మొదటిది గుట్టలుగా పడి చెరువులను పాడుచేసేది, రెండోది ఎలాగూ వచ్చేది.

నేను కాంట్రాక్టర్ల తరఫు మనిషిని కాను. పొజొలానా సిమెంటు బస్తాలు వాడుతూ పైన మళ్లీ బూడిద పోసే ఘనులను చూశాను. మాస్టారూ, మీ చీటీలో ఉన్న 260 కిలోలు ఏ సిమెంటు?

లెక్కల మాస్టారు | మే 15, మధ్యాహ్నం 2:30

చీటీలో ఓపీసీ 53 అని రాసి ఉంది.

నీవా ఒడ్డు | మే 15, మధ్యాహ్నం 2:41

అయితే పర్వాలేదు, అది బూడిద కలవని మామూలు సిమెంటే. బూడిద కలపాల్సింది దానితోనే.

తాపీ | మే 15, రాత్రి 8:35

చంద్రగిరి నుంచి, తాపీ మేస్త్రీని. పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు, నావి రెండే మాటలు.

ఒకటి, నీళ్లు ఎన్ని రోజులు పట్టారు, ఎలా పట్టారు? స్లాబుకైతే మడులు కట్టి నీళ్లు నిలబెడతాం. పిల్లరు మీద నీళ్లు నిలవవు. గోనెసంచులు చుట్టి, తాడు కట్టి, రోజుకు నాలుగైదు సార్లు తడపాలి. చాలామంది పొద్దున ఒకసారి పైపు చూపించి "పట్టేశాం" అంటారు. పదింటికల్లా గోనె అప్పడంలా ఎండి ఉంటుంది. బూడిద సరుక్కి పది రోజులకు తగ్గకుండా తడి ఉండాలని మా ఇంజినీరు గట్టిగా చెప్పేవారు.

రెండోది, ఏడో పిల్లరును ఎక్కడ కొట్టారు? పైనా, కిందా?

బూడిదగుమ్మడి | మే 15, రాత్రి 9:10

మేస్త్రీ గారు చెప్పిన పది రోజులు ఐఎస్ 456లో ఉన్నవే. మామూలు సిమెంటుకు కనీసం 7, బూడిద, స్లాగ్ కలిస్తే కనీసం 10. తడి ఆరిపోతే సిమెంటు కొంత నష్టపోతుంది, బూడిద ఎక్కువ నష్టపోతుంది. దాని పని మొదలయ్యేదే ఆలస్యంగా కదా, అప్పటికి నీళ్లుండవు. అందులోనూ ముందు ఎండేది పై పొర. హామర్ తాకేదీ ఆ పై పొరనే. కాబట్టి 24 అన్నది లోపలి కాంక్రీటు మాట కాకపోవచ్చు, ఎండిపోయిన చర్మం మాట కావచ్చు.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. ఇదే పిల్లరును పదేళ్ల తర్వాత కొడితే హామర్ ఎక్కువ చూపించే ప్రమాదం ఉంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పై పొరలోని సున్నంతో కలిసి గట్టి పెంకులా చేస్తుంది. బూడిద కాంక్రీటులో సున్నం నిల్వ తక్కువ, అందువల్ల సరిగ్గా తడపని చోట ఈ కార్బొనేషన్ త్వరగా లోపలికి పాకుతుంది. లోపల కమ్మీకి అది మంచిది కాదు, కానీ హామర్ మాత్రం "భేష్" అంటుంది. పసితనంలో తక్కువ చెప్పి, ముసలితనంలో ఎక్కువ చెప్పే సాక్షి అన్నమాట.

లెక్కల మాస్టారు | మే 16, ఉదయం 7:05

తాపీ గారి మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాలుగైదు రోజులు బాగానే పట్టారు. తర్వాత మా అమ్మాయి వాళ్ల ఊరికి వెళ్లాం. వచ్చేసరికి గోనెసంచులు ఇసుక గుట్ట మీద ఉన్నాయి.

నిలువుగీత | మే 16, ఉదయం 9:45

పలమనేరులో స్ట్రక్చరల్ డిజైన్లు చేస్తుంటాను. మాస్టారూ, నేనైతే ఇలా చేస్తాను.

ఇప్పుడే ఏదీ కొట్టవద్దు. పైన స్లాబు పోయడం ఆపండి, ఆ మాట కాంట్రాక్టరుకు కాగితం మీద ఇవ్వండి. గోనెసంచులు మళ్లీ చుట్టించి రెండు వారాలు తడపండి. పోయిన రోజులు పూర్తిగా రావు గానీ ఎంతో కొంత వస్తుంది. 60 రోజులు దాటాక అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించండి. పిల్లరుకు ఒక పక్క నుంచి ధ్వని తరంగం పంపి, ఎదుటి పక్క ఎంత సేపటికి చేరిందో చూస్తారు. సాధారణంగా వాడే తరంగం 54 కిలోహెర్ట్జ్, మన చెవికి వినిపించదు. 230 మిల్లీమీటర్ల మందాన్ని 56 మైక్రోసెకన్లలో దాటితే వేగం సెకనుకు 4.1 కిలోమీటర్లు. లెక్కల మాస్టారు కాబట్టి మీరే వేసుకోగలరు. లోపల గుల్ల ఉంటే తరంగం చుట్టూ తిరిగి రావాలి, ఆలస్యమవుతుంది. పాత ఐఎస్ 13311 మొదటి భాగం ప్రకారం 4.5 దాటితే అద్భుతం, 3.5 నుంచి 4.5 బాగు, 3 నుంచి 3.5 మధ్యస్థం, 3 కంటే తక్కువైతే అనుమానం. ఇప్పుడు ఈ పరీక్షలు ఐఎస్ 516 ఐదో భాగంలోకి చేరాయి. కొత్త పట్టికను ల్యాబు వాళ్లే చూపిస్తారు.

హామర్ చర్మాన్ని చూస్తుంది, ఇది కడుపును చూస్తుంది. రెండూ కలిపి చూడాలి. అయినా ఇది కూడా బలాన్ని నేరుగా చెప్పదు. కంకర మారితే వేగం మారుతుంది. పాత కట్టడాలు పగలగొట్టి తీసిన కంకర వాడితే మంచి కాంక్రీటులో కూడా వేగం తగ్గుతుంది. తడిగా ఉంటే కొద్దిగా పెరుగుతుంది. తరంగం దారిలో కమ్మీ ఉంటే ఇంకా పెరుగుతుంది, ఉక్కులో దాని వేగం 5.9 దాకా ఉంటుంది కదా. అందుకే ముందు కవర్ మీటరుతో కమ్మీలు ఎక్కడున్నాయో గీసుకుని, వాటిని తప్పించి కొలవాలి.

చివరి మాట కోర్లది, అంటే పిల్లరులోంచి గుండ్రంగా తొలిచి తీసి, పగలగొట్టి చూసే ముక్కలది. అది కాస్త గాయం చేసే పరీక్షే, కానీ తీర్పు దానిదే.

ఏర్పేడు యార్డు | మే 17, సాయంత్రం 5:30

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా యార్డులో స్లాగ్ 50 శాతం వేసి కాంపౌండు గోడ పలకలు పోస్తాం. అచ్చు విప్పగానే పలక నీలం కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. మొదటిసారి ఒక కొనుగోలుదారు "పాచి పట్టింది" అని లారీ వెనక్కి పంపారు! స్లాగ్‌లోని సల్ఫైడ్ వల్ల ఆ రంగు. గాలి తగిలితే కొన్నాళ్లకు పోతుంది.

మా దగ్గర ఇప్పుడు వేరే తలనొప్పి. ఒక పాత ట్యాంకు గోడ, స్లాగ్ కాంక్రీటుదే, దానికి కమ్మీ వోల్టేజి కొలిచే హాఫ్ సెల్ పరీక్ష చేస్తే మైనస్ 380 మిల్లీవోల్టులు వచ్చింది. కమ్మీలు తుప్పు పట్టినట్టే అని నివేదిక. ఒక చోట పగలగొట్టి చూస్తే కమ్మీ కొత్తదానిలా నల్లగా ఉంది. ఏమిటీ మాయ?

సుత్తిమాట | మే 17, రాత్రి 7:55

మాయ కాదు, మళ్లీ అదే పట్టిక జబ్బు. రాగి, కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడుతో కొలిచి, మైనస్ 350 దాటి కిందికి పోతే తుప్పు ఉండే అవకాశం 90 శాతం అని అమెరికా వాళ్ల ప్రమాణం. ఆ లెక్క మామూలు సిమెంటు కాంక్రీటు వంతెనలను చూసి వచ్చింది. స్లాగ్ కాంక్రీటు చిక్కన, లోపలికి ఆక్సిజన్ సరిగా పోదు. మీరు చెప్పిన సల్ఫైడ్ కూడా ఉన్న కాస్త ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఆక్సిజన్ లేని చోట తుప్పు లేకపోయినా వోల్టేజి కిందికి జారుతుంది. అలాంటి చోట రెసిస్టివిటీ, అంటే కాంక్రీటు కరెంటును ఎంత అడ్డుకుంటుందో, అది కూడా కొలవండి. నాలుగు కాళ్ల పరికరం అది. నిరోధం బాగా ఎక్కువగా ఉంటే తుప్పు నడవడం కష్టం. ఒక్క అంకెను పట్టుకుని నివేదిక రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయినా ఒక చోట కమ్మీ నల్లగా ఉందని మొత్తం ట్యాంకుకు మార్కులు వేయకండి. వోల్టేజి గబుక్కున మారే చోట్లు ఉన్నాయేమో చూడండి, ప్రమాదం అక్కడే ఉంటుంది.

ఏర్పేడు యార్డు | మే 17, రాత్రి 8:20

కృతజ్ఞతలు అన్నా. రెసిస్టివిటీ చేయిస్తాను.

నిర్వాహకుడు | మే 18, ఉదయం 6:00

ఏ రెడీమిక్స్ ప్లాంటు, ఏ కాంట్రాక్టరు అని అడుగుతూ వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఇక్కడ పేర్లు వద్దు.

లెక్కల మాస్టారు | జూన్ 20, ఉదయం 5:40

అందరికీ మళ్లీ నమస్కారం. నిన్నటికి 68 రోజులు. సుత్తిమాట గారు తన ల్యాబు మనుషులతో స్వయంగా వచ్చారు, మనిషి ఇంతకాలం పేరు చాటున ఉన్నారు గానీ చాలా సరదా మనిషి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందు కవర్ మీటరుతో పిల్లరు మీద సుద్దముక్కతో కమ్మీల గీతలు గీశారు. తర్వాత రాయితో రుద్ది హామర్ కొట్టారు. ఉక్కు దిమ్మ సంచిలోనే తెచ్చుకున్నారు, దాని మీద 80 వచ్చాకే మొదలుపెట్టారు. మేలో 24 ఉన్న పిల్లర్లు ఇప్పుడు 29 నుంచి 32 మధ్య చూపించాయి. సగటు 31. నాకు ప్రాణం లేచొచ్చింది. కాఫీ పెట్టమని ఇంటికి ఫోను చేశాను.

తర్వాత అల్ట్రాసోనిక్. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద గుండ్రటి బిళ్లలు రెండు. వాటికి గ్రీజు రాసి పిల్లరుకు అటొకటి, ఇటొకటి అదిమి పట్టుకుంటారు. గాలి పొర ఉంటే తరంగం దాటదట. డబ్బా మీద మైక్రోసెకన్ల అంకె కాసేపు ఊగి నిలబడుతుంది. 55, 57, 56, 58. నేను పక్కన నోట్ బుక్కులో 230ని భాగించుకుంటూ ఉన్నాను. అన్నీ 3.9 నుంచి 4.2 మధ్యే.

ఏడో పిల్లరు. నా ధైర్యం పిల్లరు. మోకాలి ఎత్తులో పెట్టారు. 81. గ్రీజు తక్కువైందని మళ్లీ రాశారు. 80. అడుగు పైకి జరిపితే 63. ఛాతీ ఎత్తులో 57. మళ్లీ కింద 81. 230ని 81తో భాగిస్తే 2.84. అదే చోట హామర్ కొడితే 38! మొత్తం ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ అంకె.

ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు నాకు తాపీ గారి ప్రశ్న గుర్తొచ్చింది, "ఏడో పిల్లరును ఎక్కడ కొట్టారు?" అని. నెల రోజులుగా నేను జవాబే చెప్పలేదు. మేలో ఆ పిల్లరు చుట్టూ ఇటుకలు పేర్చి ఉన్నాయి. అబ్బాయి వంగి, ఇటుకల సందులోంచి కింద మాత్రమే కొట్టాడు.

తాపీ | జూన్ 20, ఉదయం 6:25

మాస్టారూ, అక్కడ పూత ఉంది. ఉలితో తట్టండి, చప్పుడు తెలుస్తుంది.

లెక్కల మాస్టారు | జూన్ 20, ఉదయం 11:15

తట్టాం. మంచి చోట ఖంగుమంది. అక్కడ డొల్ల కుండలా పలికింది. ఉలి పెడితే రెండు అంగుళాల సిమెంటు పూత పెంకులా ఊడి వచ్చింది. వెనక కంకర రాళ్లు వేరుశెనగ చిక్కీలో పలుకుల్లా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి, మధ్యలో ఏమీ లేదు. నా వేలు రెండు కణుపుల దాకా లోపలికి పోయింది. కింది రింగు కమ్మీ కనిపిస్తోంది. సుత్తిమాట గారు పక్కన మంచి కాంక్రీటు మీద కూడా కొద్దిగా చెక్కి ఫినాల్ఫ్తలీన్ చల్లారు, కార్బొనేషన్ పాకని చోట గులాబీ రంగు తెచ్చే మందు అది. బయటి రెండు మూడు మిల్లీమీటర్లు రంగు రాలేదు, మిగతాదంతా ముదురు గులాబీ రంగు వచ్చింది.

కాంట్రాక్టరును పిలిచాను. చూశాడు. ఈసారి "నిదానం" అనలేదు.

తాపీ | జూన్ 20, మధ్యాహ్నం 12:50

పలకల కింద సందు సరిగ్గా మూయకపోతే సిమెంటు పాలు కారిపోయి ఇలా అవుతుంది. పైనుంచి ఒక్కసారిగా పోసి, వైబ్రేటర్ అడుగు దాకా దించకపోయినా ఇంతే. పలక విప్పినప్పుడు చూసి ఎవరో చిక్కటి మాలుతో పూసి నున్నగా రుద్దారు. పూసిన చేయి మంచి పనివాడిదే. అందుకే 38 కొట్టింది.

బూడిదగుమ్మడి | జూన్ 20, మధ్యాహ్నం 1:30

నిజానికి ఫ్లై యాష్ రేణువులు గుండ్రంగా ఉంటాయి, కాంక్రీటు సులువుగా పారడానికి సాయం చేస్తాయి. ఈ గుల్ల బూడిద నేరం కాదు. నెల రోజులు మనమంతా బూడిద గురించి కొట్టుకున్నాం, నాతో సహా. నేను ఇంత పొడుగు పాఠం చెప్పి, మేస్త్రీ గారి ఒక్క వాక్యం మీదుగా దాటిపోయాను. తాపీ గారూ, క్షమించండి.

మంగళం మిత్రుడు | జూన్ 20, మధ్యాహ్నం 2:05

నేను చెప్పిందీ అదేగా, పనివాళ్లు సరిగ్గా లేరని.

నీవా ఒడ్డు | జూన్ 20, మధ్యాహ్నం 2:20

మీరు చెప్పింది అది కాదు స్వామీ, పైకెళ్లి చదువుకోండి.

నిలువుగీత | జూన్ 20, సాయంత్రం 4:00

మాస్టారూ, ఆ గుంతలో మళ్లీ చేత్తో మాలు పూయనివ్వకండి, అదే జబ్బు తిరగబెడుతుంది. ఏడో పిల్లరు మీద బీములు ఇప్పటికే పోసి ఉంటే ముందు వాటి కింద జాకీలు పెట్టాలి. గట్టి కాంక్రీటు తగిలేదాకా, కమ్మీ వెనక కూడా చెక్కాలి. ఒకేసారి నాలుగు పక్కలా కాదు, ఒక పక్క తర్వాత ఒక పక్క. దుమ్ము ఊది, కడిగి, తడిపి, చుట్టూ పలక బిగించి, కుంచించుకుపోని మైక్రో కాంక్రీటు పోయాలి. అది తనంతట తాను పారుతుంది. పోసే ముందు నాకు ఫోటో పెట్టండి. లోతు సగం పిల్లరు దాటితే పద్ధతి మార్చాలి, దూరం నుంచి సలహా చాలదు, ఒక ఇంజినీరు వచ్చి చూడాల్సిందే.

మిగతా పిల్లర్లకు మూడు కోర్లు తీయండి. ఒకటి వేగం ఎక్కువ వచ్చిన చోట, ఒకటి తక్కువ వచ్చిన చోట, ఒకటి మధ్యలో.

లెక్కల మాస్టారు | జూలై 1, సాయంత్రం 6:30

లోతు 70 మిల్లీమీటర్లే తేలింది, రెండు పక్కల. తిరుపతిలోనే ఒక ఇంజినీరు గారు వచ్చి దగ్గరుండి చేయించారు. ఖర్చు కాంట్రాక్టరుదే.

కోర్లు 75 మిల్లీమీటర్ల వ్యాసం, 150 పొడవు. క్యూబు లెక్కకు మార్చాక 27.6, 24.9, 23.8. సగటు 25.4. ఐఎస్ 456 ప్రకారం సగటు 25లో 85 శాతం, అంటే 21.25 ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతం, 18.75 కంటే తగ్గకూడదు. దాటాయి. గోనెసంచులు ఇసుక గుట్ట ఎక్కకుండా ఉంటే ఇంకా వచ్చేదేమో అని ఇంట్లో రోజూ వింటున్నాను.

సుత్తిమాట గారూ, మే నాటి 24, జూన్ నాటి 31, ఈ కోర్లు కలిపి మన ఊరి బూడిద కాంక్రీటుకు ఒక పట్టిక గీయవచ్చా? గ్రాఫు నేను గీస్తాను.

సుత్తిమాట | జూలై 1, రాత్రి 8:10

మే నాటి 24ను చెత్తబుట్టలో వేయండి, ఆ హామర్ ఏ దిమ్మ ఎరుగదు. మిగిలింది మూడు చుక్కలు. మూడు చుక్కల మీదుగా ఏ గీతైనా పోతుంది మాస్టారూ, మీకు చెప్పాలా? ఈ మిశ్రమం వాడే ప్లాంటు వాళ్లు రకరకాల వయసుల క్యూబులను ముందు హామర్ కొట్టి, తరంగం పంపి, ఆ తర్వాత మెషీన్లో పగలగొట్టి రాసుకుంటే అప్పుడు పట్టిక అవుతుంది. బూడిదగుమ్మడి గారికి కావలసిన పని ఇదే అనుకుంటాను.

ఏడో పిల్లరు రిపేరుకు 14 రోజులు దాటాక మళ్లీ కొలుద్దాం.

బూడిదగుమ్మడి | జూలై 1, రాత్రి 8:25

క్యూబులు పోయడానికి మనుషులు దొరికితే రేపే మొదలుపెడతాను! 28, 56, 90 రోజులకు, తొట్టిలో ఉంచినవి కొన్ని, ఎండలో వదిలినవి కొన్ని. మాస్టారూ, గ్రాఫు కాగితం దాచి ఉంచండి.

లెక్కల మాస్టారు | జూలై 14, ఉదయం 10:05

ఏడో పిల్లరు, మోకాలి ఎత్తు: 58, 57, 58. దాదాపు 4. స్లాబు గురువారం పోస్తున్నాం. తాపీ గారిని బతిమాలి ఒప్పించాను, వైబ్రేటర్ దగ్గర ఆయన మనిషే ఉంటాడు.

తాపీ | జూలై 14, ఉదయం 10:30

బుధవారం సాయంత్రానికే మడులకు మట్టి తెప్పించి ఉంచండి మాస్టారూ. మోటారు పైపు పై అంతస్తుకు అందుతుందో లేదో ఒకసారి చూసుకోండి. ఈ నెలలో మాత్రం అమ్మాయి గారి ఊరికి వెళ్లకండి.